డీజిల్ కారులో ఆయిల్ వారానికే నలుపు, పెట్రోల్ కారులో రెండేళ్లయినా తేనె రంగు: ముందు మార్చాల్సింది ఏది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2017 మోడల్ డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. హన్మకొండ నుంచి హుజూరాబాద్‌కు రోజూ ఉద్యోగానికి దాంట్లోనే వెళ్లొస్తున్నారు. ఆయిల్ మార్పించిన వారానికే డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి చూస్తే కాటుక నలుపు. మెకానిక్ అసలు మార్చకుండానే బిల్లు వేశాడేమోనని అనుమానం. మరోపక్క నాన్నగారి పెట్రోల్ కారు రెండేళ్లలో 4,000 కి.మీ. కూడా తిరగలేదు, ఆయిల్ ఇంకా తేనె రంగులోనే ఉంది, కాబట్టి దాన్ని మరో ఏడాది వదిలేయొచ్చా అని. ఆ కారుకు ఆయిల్ పోసే మూత కింద తెల్లటి జిగురు ఉందని చివర్లో ఒక్క ముక్క కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. నల్లబడ్డ డీజిల్ కారు గురించి టెన్షన్ పడకండి. మార్చాల్సింది నాన్నగారి కారులో ఆయిల్, అదీ ఈ నెలలోనే. ఎందుకన్నది మాత్రం కొంచెం పొడుగ్గానే చెప్పాలి.

ఆయిల్ నల్లబడితే చెడిపోయినట్టు, తేటగా ఉంటే బాగున్నట్టు అనే నమ్మకం మనవైపు బాగా పాతుకుపోయింది. దాన్ని పెంచి పోషించిందీ మా మెకానిక్‌లమే. డిప్‌స్టిక్ తీసి, చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్ది, మొహం అదోలా పెట్టి "పవర్ అయిపోయింది సార్" అంటే కస్టమర్ ఇంకేం మాట్లాడతాడు? వేళ్ల మధ్య రుద్దితే చిక్కదనం కొంత, గరుకుదనం కొంత తెలుస్తాయి, నిజమే. ఇంకా ఎన్ని కిలోమీటర్లు పనికొస్తుందో మాత్రం వేలికి తెలియదు. వరంగల్ ఆటోనగర్ వైపు షెడ్డు నడిపినన్నాళ్లూ నేను చూసిన ఇంజిన్ పనుల్లో ఎక్కువ భాగం నల్లటి ఆయిల్ వల్ల వచ్చినవి కావు. ఆయిల్ తగ్గిపోయినా చూసుకోకపోవడం, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలవడం, ఏళ్ల తరబడి మార్చకపోవడం, ఇవే అసలు కారణాలు.

డీజిల్ ఎందుకు నల్లబడుతుందో చూద్దాం. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం, గాలి ముందే కలిసి ఆ తర్వాత మండుతాయి. డీజిల్‌లో అలా కాదు. బాగా ఒత్తిడికి గురై వేడెక్కిన గాలిలోకి ఇంజక్టర్ డీజిల్‌ను చిమ్ముతుంది, చిమ్మిన చోటే అంటుకుంటుంది. ఆ తుంపరల మధ్యలో గాలి చాలక కొంత ఇంధనం కాలీకాలక మసి అవుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ దారిన పోతుంది. కొంత సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరకు అంటుకుంటుంది, పిస్టన్ రింగులు కిందికి గీకినప్పుడు చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగుతుంది. మీ కారు తరం ఇంజిన్లలో ఈజీఆర్ వాల్వ్ కూడా ఉంటుంది. అది కాలిన గాలిని కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తుంది. కాలుష్యం కోసం మంచిదే, కానీ దానివల్ల మసి ఇంకాస్త పెరుగుతుంది.

ఈ మసి రేణువులు ఎంత చిన్నవంటే, ఆయిల్ ఫిల్టర్ వాటిని పట్టలేదు. కారు ఫిల్టర్ గట్టిగా పట్టేది సుమారు 20, 30 మైక్రాన్ల పైబడ్డ వాటిని. వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, మసి ఒక మైక్రాన్‌లోపే ఉంటుంది. కాబట్టి ఎంత ఖరీదైన ఫిల్టర్ వేసినా ఆయిల్ నల్లబడక మానదు. మరి ఆ మసిని ఎవరు చూసుకుంటారు? ఆయిల్‌లోనే కలిపిన డిస్పర్సెంట్ అనే రసాయనం. ఒక్కో రేణువును చుట్టుకుని పక్కదానితో అతుక్కోకుండా విడివిడిగా తేలేటట్టు ఉంచుతుంది. డిటర్జెంట్ అనే ఇంకో రసాయనం పిస్టన్ గాడుల్లో పేరుకున్న మడ్డిని కడుగుతుంది, పుట్టే ఆమ్లాన్ని కూడా చంపుతుంది. ఆయిల్ నల్లబడటమంటే ఈ రెండూ పనిలో ఉన్నాయన్నమాట. మసి లోహానికి అంటుకోకుండా ఆయిల్‌లోనే ఉంది, మార్చినప్పుడు దాంతోపాటే బయటికి వస్తుంది.

ఇంకో సంగతి. ఆయిల్ బరువులో నూటికి ఒక వంతు మసి చేరకముందే రంగు పూర్తి నలుపైపోతుంది. ఆ తర్వాత ఎంత చేరినా కంటికి అదే నలుపు. 500 కి.మీ. తిరిగిన ఆయిల్‌ను, 9,000 తిరిగిన ఆయిల్‌ను పక్కపక్కన పెడితే నేను కూడా రంగు చూసి చెప్పలేను.

వారానికే ఎలా నల్లబడిందంటారా? వారం దాకా ఎందుకు, సాయంత్రానికే నల్లబడుతుంది. డ్రెయిన్ బోల్ట్ విప్పి ఎంతసేపు వదిలినా పాత ఆయిల్ మొత్తం దిగదు. హెడ్‌లో (ఇంజిన్ పై భాగం), ఆయిల్ దారుల్లో, టర్బోలో, కూలర్‌లో కొంత నిలిచిపోతుంది. కొత్తది పోసి ఐదు నిమిషాలు నడిపితే ఆ మిగిలిన మసి కొత్త దాంట్లో కలిసిపోతుంది. దానికితోడు మీది సెకండ్ హ్యాండ్ బండి. పాత యజమాని ఎంత ఆలస్యంగా మార్చాడో మనకు తెలియదు. లోపల పేరుకున్నదాన్ని కొత్త ఆయిల్ కడుగుతుంటే నలుపు ఇంకా త్వరగా వస్తుంది.

మెకానిక్ మోసం చేశాడా అన్నది రంగుతో తేలదు. ఫిల్టర్ చూడండి. బయటికి కనిపించే డబ్బా ఫిల్టర్ అయితే కొత్తదో పాతదో పెయింటు చూస్తేనే తెలిసిపోతుంది. లోపల కాగితపు ఎలిమెంట్ ఉండే రకమైతే దాని మూత మీద, కింద డ్రెయిన్ బోల్ట్ మీద పానా పడిన తాజా గుర్తులు ఉంటాయి. వచ్చేసారి మాత్రం పక్కన నిలబడండి. సీల్ మీ ముందే తీయించండి, పాత ఫిల్టర్ చూపించమనండి, ఖాళీ డబ్బాను అక్కడే కోయించండి. ఆ డబ్బాల్లో మళ్లీ నకిలీ ఆయిల్ నింపేవాళ్లు ఉంటారు కాబట్టి ఇందులో మొహమాటం అక్కర్లేదు. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు.

ఒకవేళ డీజిల్ బండిలో వేల కిలోమీటర్లు తిరిగాక కూడా ఆయిల్ తేనె రంగులోనే ఉందనుకోండి, నాకైతే అప్పుడు అనుమానం వస్తుంది. మసి పుట్టకుండా ఉండదు. ఆయిల్‌లో లేదంటే లోపల ఎక్కడో అంటుకుని ఉండాలి.

పెట్రోల్ కార్లలో కథ నెమ్మదిగా నడుస్తుంది. కొత్త ఆయిల్ లేత తేనె రంగు. కొన్ని కంపెనీలు ఎరుపో ఆకుపచ్చో రంగు కలుపుతాయి, దానికీ నాణ్యతకూ సంబంధం లేదు. మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో రెండు మూడు వేల కిలోమీటర్ల దాకా పెద్ద మార్పు కనిపించకపోవచ్చు. తర్వాత ముదురు తేనె, గోధుమ, ఐదారు వేలు దాటాక ముదురు గోధుమ, చివరికి నలుపుకు దగ్గరగా వస్తుంది. ఇక్కడ మసి తక్కువ. రంగు మార్చేది ముఖ్యంగా వేడి. వేడి ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముదురుతుంది. ఆయిల్‌లో కలిపిన కొన్ని రసాయనాలు వేడికి వాటంతటవే రంగు మారతాయి కూడా. ఈమధ్య వస్తున్న టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లు మాత్రం డీజిల్ మాదిరే సిలిండర్‌లోకి నేరుగా ఇంధనం చిమ్ముతాయి కాబట్టి వాటిలో మసి పుట్టి ఆయిల్ త్వరగా నల్లబడుతుంది. పక్కింటి మామూలు పెట్రోల్ కారుతో మీ టర్బో పెట్రోల్‌ను పోల్చుకుని బెంగపడొద్దు.

సీఎన్‌జీ, ఎల్పీజీ బండ్లు అందరికన్నా ఎక్కువ మోసం చేస్తాయి. గ్యాస్ శుభ్రంగా మండుతుంది, మసి దాదాపు ఉండదు, ఆయిల్ చివరిదాకా తేటగానే కనిపిస్తుంది. కానీ సీఎన్‌జీలో వేడి ఎక్కువ. ఆక్సిజన్, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆయిల్‌ను లోలోపల చిక్కబరుస్తాయి, ఆమ్లం పెరుగుతుంది. "అన్నా, ఆయిల్ ఇంకా బాగుంది" అని 20,000 దాకా లాగిన గ్యాస్ బండ్ల వాల్వ్ కవర్ విప్పితే లోపలంతా గోధుమ రంగు వార్నిష్ పట్టి ఉంటుంది. వీటికి కిలోమీటర్ల లెక్క తప్ప ఇంకో కొలత లేదు.

ఇక నాన్నగారి కారు. ఇలాంటి కార్లు మన ఉత్తర తెలంగాణలో ఇంటింటికీ ఉన్నాయి. కొడుకు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటాడు, కారు ఇంట్లో ఉంటుంది. పెద్దాయన పొద్దున కూరగాయల మార్కెట్‌కు, శుక్రవారం భద్రకాళి గుడికి తీసుకెళ్తాడు. దసరాకు పిల్లలొస్తే నాలుగు రోజులు తిరుగుతుంది. మీటరు కదలదు కాబట్టి సర్వీసు గుర్తుకు రాదు.

కానీ ఇంజిన్‌కు అన్నింటికన్నా గడ్డు వాడకం ఇదే. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. చాలావరకు సైలెన్సర్ నుంచి పోతాయి, చలికాలం పొద్దున చుక్కలు కారేది అవే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొంత ఆవిరి రింగుల పక్కనుంచి కిందికి జారి చాంబర్‌లో నీరవుతుంది. చల్లటి ఇంజిన్‌కు కంప్యూటర్ ఇంధనం కూడా ఎక్కువే ఇస్తుంది, అందులోనూ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి కొంతసేపు అలాగే తిరిగితే ఈ నీరు, పెట్రోల్ ఆవిరై బ్రీదర్ (చాంబర్‌లోని ఆవిరి బయటికి పోయే గొట్టం) దారిన వెళ్లిపోతాయి. మీటరులో టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందంటే కూలెంట్ వేడెక్కిందని మాత్రమే అర్థం. ఆయిల్ ఆ వేడికి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే అది ఎప్పటికీ ఆ వేడికి చేరదు. నీరు, కాలిన వాయువులు కలిసి ఆమ్లమవుతాయి, దాన్ని చంపే డిటర్జెంట్ నిల్వ కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. ఇందులో ఏదీ రంగులో కనిపించదు. అందుకే కంపెనీలు 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది అని రాస్తాయి. ఆ 'ఏడాది' అన్న మాట నాన్నగారి కారులాంటి వాటి కోసమే.

మూత కింద తెల్లటి జిగురు అన్నారు కదా, అది చాలావరకు ఈ ఆవిరే. మూత ఇంజిన్‌లో పైన, చల్లటి చోట ఉంటుంది. ఆవిరి అక్కడ నీరై, ఆయిల్ తుంపరతో చిలికినట్టై మీగడ రంగులో పేరుకుంటుంది. వానాకాలం, చలికాలం ఎక్కువ. ఆదిలాబాద్, నిర్మల్ వైపు నుంచి డిసెంబరు, జనవరిలో వచ్చే కార్లలో ఇది మామూలే. మూత తుడిచి, కారును అరగంట పైన రోడ్డు మీద నడిపితే పోతుంది.

అయితే ఇదే రంగు డిప్‌స్టిక్ మీద కనిపిస్తే కథ వేరు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మొత్తం పాల చాయ్ రంగులో ఉంటే చాంబర్‌లోకి నీరో కూలెంటో వెళ్లినట్టే. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, హెడ్ పగిలి ఉండొచ్చు, ఆయిల్ కూలర్ లోపల తూటు పడి ఉండొచ్చు. తేడా తెలుసుకోవడానికి కూలెంట్ బాటిల్ చూడాలి. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ దగ్గర స్కెచ్ పెన్నుతో గీత పెట్టి వారం తర్వాత మళ్లీ చూడండి. మూత కింద జిగురు ఉండి, కూలెంట్ గీత దగ్గరే ఉండి, డిప్‌స్టిక్ తేటగా ఉంటే భయం లేదు. కూలెంట్ తగ్గుతూ, బయట ఎక్కడా లీకు కనబడకుండా, సైలెన్సర్ నుంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తుంటే బండిని నడపకండి, తోయించుకుని వెళ్లండి. కూలెంట్‌లోని గ్లైకాల్ ఆయిల్ పొరను పాడుచేస్తుంది, క్రాంక్ బేరింగులు ఎన్నాళ్లో ఆగవు. గ్యాస్కెట్‌తో పోయేది క్రాంక్ పని దాకా వస్తుంది.

ఆయిల్ కూలర్ లీకైతే ఒక తమాషా ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిలే కూలెంట్‌లోకి వెళ్తుంది, బాటిల్‌లో మడ్డి తేలుతుంది. ఆపాక ఆయిల్ ప్రెషర్ వెంటనే పడిపోతుంది, వేడి కూలెంట్‌లో ప్రెషర్ మాత్రం కాసేపు నిలుస్తుంది, అప్పుడు అది ఆయిల్‌లోకి వస్తుంది. రెండువైపులా కలిసినట్టు కనిపిస్తే హెడ్ విప్పే ముందు కూలర్ చెక్ చేయించండి. కూలర్‌తో పోయేదానికి హెడ్ విప్పి బిల్లు వేసిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి.

వరద నీళ్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన కార్లెన్నో నీళ్లలో నానాయి. బోనెట్ దాకా నీళ్లు వచ్చిన కారును 'ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం' అనుకోవడం చాలా ఖరీదైన పని. ముందు బ్యాటరీ తీగ తీసేయాలి, తర్వాత డిప్‌స్టిక్ చూడాలి. లెవెల్ పెరిగినా, రంగు చాయ్‌లా మారినా తాళం తిప్పొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

రంగు కన్నా ఎక్కువ మాట్లాడేది లెవెల్. దీన్ని మనవాళ్లు అసలు పట్టించుకోరు. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీది కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు ఒక లీటరు. లెవెల్ తగ్గుతుంటే లీకు కావచ్చు, రింగులో వాల్వ్ సీళ్లో అరిగి ఆయిల్ కాలుతుండవచ్చు. కొంత తగ్గడం మామూలే, కొన్ని కంపెనీల మాన్యువల్‌లో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఫర్వాలేదనే రాసి ఉంటుంది. నేనైతే అంత తగ్గే బండిని కంప్రెషన్ చెక్ చేయించమంటాను.

లెవెల్ పెరిగితే ఇంకా జాగ్రత్తపడాలి. ఆయిల్ తనంతట తాను పెరగదు, ఏదో కలుస్తోంది. కూలెంట్ కాకపోతే ఇంధనం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో ఈ గొడవ ఎక్కువ. వాటి సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది నిండాక దాన్ని 600 డిగ్రీల దగ్గరికి వేడిచేసి మసిని కాల్చేయాలి. ఆ వేడి కోసం చాలా ఇంజిన్లలో ఇంజక్టర్లు ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతాయి, అందులో కొంత సిలిండర్ గోడల వెంట చాంబర్‌లోకి దిగుతుంది. హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే ఊపున నడిస్తే పని పూర్తవుతుంది. హన్మకొండ చౌరస్తా, పోచమ్మ మైదాన్ ట్రాఫిక్‌లోనే తిరిగే బండిలో ఈ మసి కాల్చే పని మొదలైన ప్రతిసారీ అది పూర్తికాకుండానే ఇంజిన్ ఆపేస్తారు, డీజిల్ మాత్రం దిగుతూనే ఉంటుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటి, నీళ్లలా పల్చగా, డీజిల్ వాసనతో ఉంటుంది. రంగు ఎప్పటి నలుపే. ఆ పల్చటి ఆయిల్ బేరింగుల దగ్గర పొరను నిలపలేదు. మీది బీఎస్4 కాలం నాటి బండి, ఆ తరం చిన్న డీజిల్ కార్లలో సాధారణంగా డీపీఎఫ్ ఉండదు. అయినా ఇంజక్టర్ కారితే ఇదే లక్షణం వస్తుంది, కాబట్టి లెవెల్ మీద కన్నేసి ఉంచండి.

మెరుపు కూడా ఒక గుర్తే. డిప్‌స్టిక్‌ను ఎండలో వంచి చూసినప్పుడు సన్నటి వెండి పొడి తళుక్కుమంటే లోహం అరుగుతోందని. కొత్త ఇంజిన్ మొదటి ఆయిల్‌లో కొద్దిగా ఉండొచ్చు. పాత ఇంజిన్‌లో, ముఖ్యంగా రాగి రంగు మెరుపు కనిపిస్తే బేరింగ్ పై పొర అరిగి లోపలిది బయటపడుతోందన్నమాట. అయస్కాంతం పెట్టి చూసి 'ఏం అంటలేదు' అని సరిపెట్టుకోవద్దు, రాగి, అల్యూమినియం అయస్కాంతానికి అంటవు. ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పి చూస్తేనే సరిగ్గా తెలుస్తుంది.

నురగ కనిపిస్తే ముందు లెవెల్ చూడండి, ఎక్కువ పోసి ఉంటారు. క్రాంక్ ఆయిల్‌ను చిలికేస్తుంది, గాలి కలిసిన ఆయిల్‌తో పంపు ప్రెషర్ నిలబడదు. మూత తీయగానే లోపల నల్లటి గడ్డలు కనిపిస్తే అది స్లడ్జ్. అప్పుడు చాంబర్ దించి ఆయిల్ పంపు జాలీ శుభ్రం చేయించడమే సరైన దారి. కొందరు డీజిల్ పోసి ఇంజిన్ కాసేపు ఆడించి ఫ్లష్ చేస్తామంటారు, వద్దని చెప్పండి. ఊడిన గడ్డ వెళ్లి పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కు ఆయిలే అందదు.

ఇంట్లోనే చేసుకోదగ్గ ఒక పరీక్ష ఉంది, ఇది నిజంగా పనికొస్తుంది. ల్యాబ్ సామాన్ల దుకాణంలో దొరికే ఫిల్టర్ పేపర్ కొనండి. నున్నటి కాగితం పీల్చదు కాబట్టి పనికిరాదు. బండి నడిపి వచ్చాక డిప్‌స్టిక్ నుంచి ఒక్క చుక్క దాని మధ్యలో వేయండి. కాగితం అడుగు దేనికీ తగలకుండా ఖాళీ గ్లాసు మీద పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి నలుపు నడిమి నుంచి అంచు దాకా సమానంగా పరుచుకుంటే, ఎంత నల్లగా ఉన్నా సరే, మసిని విడదీసే శక్తి ఆయిల్‌లో ఇంకా ఉంది. మధ్యలో చిక్కటి నల్లటి బొట్టు గట్టి అంచుతో నిలిచిపోయి, చుట్టూ వట్టి నూనె మరక మాత్రమే పాకితే మసి గుంపులు కడుతోంది, మార్చే వేళైంది. బయటి వలయం పసుపు, గోధుమ రంగుకు తిరిగితే ఆయిల్ కాలి ముదిరింది. అంచుకు రంగులేని పల్చటి వలయం వెడల్పుగా వస్తే ఇంధనం కలిసిందని, అంచు రంపపు పళ్లలా చీలితే నీరు కలిసిందని అనుమానించాలి. ఒకసారి చేస్తే అంతగా అర్థం కాదు. కొత్త ఆయిల్ పోసిన రోజు ఒక చుక్క, ప్రతి రెండు వేల కిలోమీటర్లకు ఒక చుక్క వేసి, తేదీ రాసి దాచుకుంటే మీ ఇంజిన్ తీరు మీకే తెలిసిపోతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్న దాని మీద మీ మెకానిక్ 5,000 అన్నాడు, సర్వీస్ సెంటర్ 10,000 అంది. ఆ 5,000 మినరల్ ఆయిల్ కాలం నాటి లెక్క, అలవాటుగా వచ్చింది. హుజూరాబాద్ రోడ్డు మీద ఒకే వేగంతో పోయే బండికి మాన్యువల్‌లో ఉన్న లెక్క చాలు. అదే బండి రామగుండం, భూపాలపల్లి బొగ్గు దుమ్ములోనో, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లోనో తిరిగితే మాత్రం సగానికే మార్చమంటాను. మాన్యువల్‌లో కూడా కఠినమైన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది, ఎవరూ ఆ పేజీ తిప్పరు. దుమ్ము గురించి ఒక్క మాట: ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోకపోతే లోపలికి వెళ్లిన సన్నటి ఇసుక బోర్‌ను గీస్తుంది, ఆయిల్ రంగులో మాత్రం ఏమీ తెలియదు. చవక ఎయిర్ ఫిల్టర్ వేసి, ఆయిల్‌ను మాటిమాటికీ మార్చేవాళ్లు డబ్బులు తప్పు చోట పెడుతున్నారు.

మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోయాలని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. బయట 45 డిగ్రీలున్నా థర్మోస్టాట్, ఫ్యాను కలిసి కూలెంట్‌ను 90 దగ్గరే ఉంచుతాయి. మాన్యువల్‌లో చిక్కదనం గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయండి. ఇంజిన్‌లోని సందులు, టర్బో, చైన్ టెన్షనర్ ఆ చిక్కదనానికే లెక్కకట్టి చేసినవి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. డీజిల్ కారును సమతలంగా నిలిపి, పొద్దున స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ పెట్టి తీసి లెవెల్ చూడండి. మీటరు రీడింగ్‌తోపాటు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వెయ్యి కిలోమీటర్లకోసారి అదే చోట, అదే వేళకు చూస్తే చాలు. లెవెల్ నిలకడగా ఉండి, పల్చబడకుండా, వాసన మారకుండా ఉంటే గడువు దాకా నడపండి.

నాన్నగారి కారుకు ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించండి. దించిన పాత ఆయిల్‌ను సెంట్రింగ్ పలకలకు పూయడానికో, చెదల కోసం దూలాలకు రాయడానికో ఇంటికి తెచ్చుకోవద్దు. కాలిన ఆయిల్ చాలాకాలం చర్మానికి తగలడం క్యాన్సర్ కారకమే, మట్టిలోకి పోతే బావి నీళ్లు పాడవుతాయి. నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, రీసైక్లింగ్‌కు అనుమతి ఉన్నవాళ్లకే చేరాలి. ఆ తర్వాత వారానికోసారి పెద్దాయనను కాజీపేట దాటించి స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఒక చుట్టు తిప్పుకుని రమ్మనండి. మూత ఇప్పుడు తుడిచి, కూలెంట్ బాటిల్ మీద గీత పెట్టి, నెల తర్వాత రెండూ చూడండి. అంత తిరిగాక కూడా జిగురు మళ్లీ పేరుకుని, కూలెంట్ గీత కిందికి దిగి ఉంటే, హెడ్ విప్పనివ్వకుండా ముందు కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఆ రీడింగ్ ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయాలో చెప్తాను.